గడియారం వెనక కవర్

అమ్మకు,

ఇక్కడ నాన్నా, నేనూ బాగున్నాం. ఈసారి నిజంగానే బాగున్నాం. పిన్ని మోకాలి కట్టు విప్పారని రాశావు, హమ్మయ్య అనిపించింది. నువ్వు చెప్పిన దుప్పట్లు ఉతికాను. మొక్కలకి రోజూ నీళ్లు పోస్తున్నాను, ఒక్కటే చచ్చిపోయింది. నా తెలుగులో తప్పులుంటే పిన్నికి చూపించి నవ్వొద్దు.

పోయిన ఉత్తరంలో నాన్న జీతం వచ్చిందా అని అడిగావు. వచ్చిందని రాశాను. రాలేదమ్మా.

ఒకటో తారీఖున నాన్న గడియారం వెనక జీతం కవర్ పెడతాడు కదా. ఈ కొత్త ఫ్యాక్టరీలో చేరాక ఒకటో తారీఖు దాటింది, మూడు, ఐదు కూడా దాటాయి. గడియారం వెనక దుమ్మే ఉంది. మూడేళ్ల కిందట ఉద్యోగం పోయినప్పుడు నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ పార్కుకి వెళ్లేవాడు. మీరిద్దరూ నాకు చెప్పలేదు గానీ స్కూల్ బస్సులోంచి నేను చూశాను. మళ్లీ అదేనేమో అనుకున్నాను. అడిగితే నిజం చెప్పేస్తాడని భయమేసి అడగలేదు. నీకు రాస్తే పిన్నిని వదిలేసి వచ్చేస్తావు.

నిన్న స్కూల్ ఎగ్గొట్టి ఫ్యాక్టరీకి వెళ్లాను. కోప్పడకు, ఇంకా ఉంది. గేటు దగ్గర ఏడుస్తుంటే వాచ్‌మన్ నన్ను జీతాలు చూసే ఆంటీ దగ్గర కూర్చోబెట్టాడు.

"మీ నాన్నా? మూతలు బిగించే మెషిన్ దగ్గరుంటాడు. ఒక్క పూట మానలేదు," అంది.

"మరి జీతం ఎందుకివ్వలేదండీ?"

ఆవిడ గోడ మీది క్యాలెండర్ చూపించింది. "ఆఫీసు వాళ్లకి నెల జీతం. లోడింగ్ వాళ్లకి వారం వారం. మెషిన్ వాళ్లకి రెండు వారాలకోసారి, శుక్రవారం. గంటలు లెక్క కట్టడానికి ఇంకో వారం పడుతుంది, అందుకే మొదటిసారి ఆలస్యం. రేపే ఇస్తాం. చేరిన రోజే మీ నాన్నకి చెప్పానే."

ఇంతలో నాన్న వచ్చాడు, చేతులకి ఆయిల్‌తో.

"నువ్వు స్కూల్లో ఉన్నావనుకున్నా," అన్నాడు.

"నువ్వు పార్కులో ఉన్నావనుకున్నా," అన్నాను.

నాన్న చేతులు కడుక్కోకుండానే నా తల మీద చెయ్యి వేశాడు. రెండుసార్లు షాంపూ పెట్టినా ఆయిల్ వదల్లేదు.

ఈరోజు మన క్యాలెండర్‌లో జీతం వచ్చే శుక్రవారాలకి నాన్న ఎర్ర సున్నాలు చుట్టాడు. వచ్చే నెల మూడున్నాయి. మిగతా రోజుల్లో 'స్కూల్' అని రాశాడు, ఆదివారాలతో సహా.

గడియారం వెనక కవర్ ఉంది. రెండుసార్లు తీసి చూశాను. లెక్కపెట్టడానికి కాదు.

ఇట్లు,
ఇకమీద నోరు తెరిచి అడుగుతానని నాన్నకి మాటిచ్చిన
నీ కూతురు