సుగుణ గంట ప్రయాణం

ఆళ్లగడ్డ, 1944, గురువారం రాత్రి

అస్సాంలో గాయపడిన సిపాయిలను విమానంలో తరలించే నర్సుల్లో చేరమన్నారని, మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న నా కూతురు సుగుణ రాసిన జాబు మొన్న అందింది. "నువ్వు వద్దంటే పోనమ్మా" అంది. రెండు విమానాశ్రయాల పేర్లనూ సెన్సారువాళ్లు నల్లసిరాతో కొట్టేశారు. నూటముప్పై మైళ్లు, గంట ప్రయాణం అన్నవి మాత్రం మిగిలాయి.

మా ఆయన పోయినప్పటి నుంచి ఇంటికీ పెద్ద, చర్చికీ పెద్ద ఆయన అన్న, మా బావే. ఈరోజు నంద్యాల పోయి, తల్లికి జబ్బు, పిల్లను పంపించండని మిలిటరీ వాళ్లకు ఉత్తరం టైపు చేయించుకొచ్చాడు.

"సంతకం పెట్టు రూతమ్మా."

"నాకు జబ్బు లేదు బావా. అబద్ధానికి సంతకం పెట్టను."

"ఆకాశంలో ఇంజను ఆగిపోతే యాడ దిగుతాది అది?"

"ఇరవై ఐదు మైళ్లు రావడానికి మీకు మూడు గంటలు పట్టె. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే ఆ బస్సు ఆగితే దిగి తోసినారంట గదా. రేపు మళ్లా ఎక్కరా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆదివారం దాని పేరు నేను చదవను, పో!"

ప్రయాణాల్లో ఉన్నవాళ్ల పేర్లు ఆరాధనలో ఆయన చదివితేనే సంఘమంతా ప్రార్థన చేస్తుంది.

ఇంజను మాట మాత్రం నన్ను వదలడం లేదు. పైన తోయడానికి ఎవరుంటారు, ప్రభువా...

అయినా "వెళ్లు తల్లీ" అని రాసి జాబు అంటించేశాను. పాటలో తప్ప నా గొంతు ఎవరూ వినని ఆ చర్చిలో, ఆదివారం నేనే లేచి నా కూతురి పేరు చదువుతాను. ఆపితే ఆపనీ.