కౌంటరుకు అవతలి తెర

చిరంజీవి చిన్నతల్లికి,

అమ్మ దీవించి రాసే సంగతులు. ఇక్కడ క్షేమమే అని రాసి, ఆ మాట దగ్గరే పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నువ్వు, అల్లుడుగారు, పాప బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పాపకు పళ్లు వస్తున్నాయనీ, చేతికి దొరికిందల్లా కొరుకుతోందనీ రాశావు. అమ్మ పోలికే. నువ్వు ఆ వయసులో మీ నాన్న బడికి వేసుకెళ్లే బూట్ల లేసులు నమిలి పారేశావు. డ్రిల్లు మాస్టారు ఆ రోజంతా బూట్లు ఈడ్చుకుంటూ పిల్లలచేత పరుగులు తీయించారు. సరే, నువ్వు రెండు విషయాలు అడిగావు. నా ఉద్యోగం ఎలా ఉందని ఒకటి. ఫోనులో నాన్న గొంతు ఎందుకంత బొంగురుగా ఉందని రెండోది. మొదటిదానికి ముందు జవాబు చెప్పనీ. రెండోదాని జోలికి వెళ్లాలంటే కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

రక్త పరీక్షలూ, గడ్డల ముక్కల పరీక్షలూ చేసే ల్యాబులో పేర్లు ఎక్కించే పనే ఇంకా. పేరు తప్పు పడిందనీ, వయసు తప్పు పడిందనీ కౌంటరు దగ్గర రోజూ గొడవలే. అందుకని మా డాక్టరుగారు రెండో మానిటరు కొన్నారు. నా కంప్యూటరుకే తగిలించి, కౌంటరు మీద జనం వైపు తిప్పి పెడితే ఎవరి పేరు వాళ్లే సరిచూసుకుంటారని ఆయన ఆలోచన. దాన్ని బిగించాల్సిన మెకానిక్‌కు మేం పెట్టిన పేరు ‘రేపొస్తానండీ’. వారం రోజులు అదే మాట అన్నాడు. నా సంగతి నీకు తెలుసుగా, ఎనిమిదో రోజు నేనే కొంగు బిగించాను. కేబులు ఒక చివర మానిటరుకూ, ఇంకో చివర కంప్యూటరు వెనకా గుచ్చాను. సిగ్నల్ లేదంది. పక్కనే అలాంటి కన్నం ఇంకోటి ఉంటే అందులోకి మార్చాను, వెలిగింది. రెండు తెరల మీదా ఒకటే కనబడాలా, వేరువేరుగా కనబడాలా అని అడిగింది. ఒకటే అన్నాను. నేను కొట్టిన పేరు అక్కడ కనబడాలి, అంతేగా. డాక్టరుగారు వచ్చి చూసి, “మీరు ఇంజినీరు కావాల్సిన మనిషండీ” అన్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

పేరొక్కటే కాదు, నేనేది తెరిచినా అది అవతల కూడా కనబడుతుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. నా కుర్చీలోంచి చూస్తే ఆ మానిటరు వీపే తప్ప ముఖం కనబడదు.

ఇక నాన్న గొంతు. బడిలో పిల్లల మీద అరిచి అరిచి అలా అయిందని నీకు చెప్పాను. అబద్ధం చెప్పాను తల్లీ. మూడు నెలలుగా అలాగే ఉంది. గొంతులో చిన్న గడ్డ ఉందని పెద్దాసుపత్రిలో ముక్క తీసి మా ల్యాబుకే పంపారు. గురువారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. ఆగలేక నేనే తెరిచాను. క్యాన్సర్ అని ఉంది. ఆ తర్వాతి వరుసలు కళ్లకు ఆనలేదు.

సరిగ్గా అప్పుడే మీ నాన్న వచ్చారు. మబ్బు పట్టిందని గొడుగు తెచ్చారు. కౌంటరు ముందు కుర్చీలో కూర్చుని, “రిపోర్టు వచ్చిందా?” అన్నారు. ముఖం మామూలుగా పెట్టుకుని, “ఇంకా లేదండీ, రేపో ఎల్లుండో వస్తుందిట” అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. “సరేలే, వచ్చినప్పుడే చూద్దాం” అని గొడుగు కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయారు. బయటపడకుండా నెట్టుకొచ్చానని ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు కాస్త ఖాళీ దొరికింది. తిట్టకు, మనసు చిక్కబట్టుకోవడానికి కంప్యూటరులో పేకాట పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఉండబట్టలేక, “ఆ ఎర్ర రాణిని నల్ల రాజు మీదకి మార్చండమ్మా, ఆట కదులుతుంది” అన్నాడు.

“మీకెలా తెలిసిందండీ?”

“ఇదిగో, ఇక్కడ కనబడుతోందిగా.”

లేచి కౌంటరు చుట్టూ తిరిగి వెళ్లి చూశాను. నా ముక్కలన్నీ ఆ తెర మీద పరిచి ఉన్నాయి. ఆ పెద్దాయన కూర్చున్నది ముందురోజు మీ నాన్న కూర్చున్న కుర్చీయే. ఆయన ఆ మాట ఒక్కరే చదువుకున్నారు. రెండడుగుల దూరంలో కూర్చుని నేను లేదండీ అంటున్నాను.

ఇంటికొచ్చాక ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. కానీ నిన్న సాయంత్రం పిలిచి, నీళ్ల మోటారు ఎలా వేయాలో, ట్యాంకు నిండితే ఎలా తెలుస్తుందో చూపించారు. ముప్పై ఏళ్లుగా నన్ను ఆ స్విచ్చి ముట్టుకోనివ్వని మనిషి. ఈ ఉదయం గ్యాసు సిలిండరు మార్చడం నాచేత రెండుసార్లు చేయించారు. “బాగానే పట్టేశావే” అని నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. ఆయన లేకుండా బతకడం నాకు నేర్పిస్తున్నారు.

తొలి దశే, వెంటనే మొదలుపెడితే నయమయ్యే అవకాశం బాగా ఉందని మా డాక్టరుగారు అన్నారు. సోమవారం పది గంటలకు పెద్దాసుపత్రిలో చూపించడానికి ఏర్పాటు కూడా చేశారు. కానీ మీ పెదనాన్న ఆసుపత్రిలో పడ్డ బాధ చూశాక, తనకు అలాంటిది వస్తే ఆ గడప తొక్కనని మీ నాన్న ఎన్నిసార్లు అన్నారో నీకూ తెలుసు. నేను నోరు తెరిచేలోపే, “టీ పెట్టనా?” అని లేచిపోతున్నారు. నేను అడగడం, ఆయన రానని అనడం, అక్కడితో అంతా అయిపోతుందేమోనని నాకు భయం. ఇంత భయం ఎన్నడూ ఎరగను.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి సోమవారం దాటిపోతుంది. నీకు చెప్పాలంటే ఫోను ఉంది, సాయంత్రం ల్యాబు నుంచి చేస్తాను, కంగారుపడకు. ఈ కవరు అంటించకుండా మీ నాన్న చేతికిచ్చి, ఒకసారి చూసి పోస్టులో వేయమంటాను.

ఏమండీ, సోమవారం పది గంటలకు. నేను పక్కనే ఉంటాను. రానని మాత్రం అనకండి.

ఇట్లు,
మీ అమ్మ