పట్టికలో ఆరో కాలమ్

నవంబర్ 5, 2022, శనివారం

ఎదురింటి మస్తాన్ అంకుల్ ఒప్పుకున్నారు. విప్పితే పడకల గది అయ్యే మడతపెట్టే ట్రైలర్ ఒకటి, రెండు ఇళ్ళకూ కలిపి కొనడం. సగం వాళ్ళది, సగం మాది. లాగడానికి ఆయన పాత ఫోర్ బై ఫోర్ బండి — మా చిన్న కారుకి వెనక హుక్ కూడా లేదు. నిలిపి ఉంచడానికి ఐకాడ్ పారిశ్రామికవాడలో ఆయన పనిచేసే వర్క్‌షాప్ వెనక స్థలం.

నాన్న "చూద్దాం" అన్నారు. కాదనలేదు.

ఎదురు ఫ్లాట్ తలుపు సందులోంచి అంకుల్ వాళ్ళ నస్రీన్ నాలుగు వేళ్ళు చూపించింది. నాలుగు నెలలు. ఫిబ్రవరి ఆఖరికి వాళ్ళు రస్ అల్ ఖైమా వెళ్ళిపోతున్నారు, అంకుల్‌ని కంపెనీ అక్కడికి మారుస్తోంది. పదకొండేళ్ళుగా ఎదురెదురు తలుపులు. ఒకే బస్సు, ఒకే క్లాసు. ఒక్క రాత్రి కూడా ఒకే చోట పడుకోలేదు. అదేమిటో ఇవాళే తట్టింది.

లివా ఎడారి ఇసకలో ఒక్క ట్రిప్. అంతకంటే ఏమీ వద్దు.

నవంబర్ 6

పట్టిక మొదలుపెట్టాను. ఐదు కాలమ్‌లు — బరువు, పడకలు, గోడలు గుడ్డవా గట్టివా, విప్పడానికి ఎంతసేపు, పాతదా కొత్తదా. అంతా తెలుగులోనే. నిన్న శనివారం తెలుగు క్లాసులో సరళ టీచర్ అన్నారు కదా — పెద్ద మాటలు వద్దు, సరైన మాట వెతకండి, దొరికేదాకా కలం కదపొద్దు.

హింజ్‌కి — కీలు. తలుపుకీ అదే, మోకాలికీ అదే. ఎంత బాగుంది.

యాక్సిల్‌కి మాట దొరకలేదు.

నవంబర్ 12

ముసఫాలో ట్రైలర్ల యార్డు. ఆరుగురం. అమ్మే మలయాళీ ఆయన హిందీలో చెప్తూ హ్యాండిల్ తిప్పుతుంటే, మోకాలెత్తు పెట్టెలోంచి ఇల్లు లేచింది. రెండు వైపులా పడకలు సొరుగుల్లా బయటికి వచ్చాయి. గుడ్డ గోడలు, కొత్త బూట్ల వాసన. బరువు 380 కిలోలు.

నస్రీన్ వాళ్ళ అమ్మ షమీమ్ ఆంటీ పడక మీద పడుకుని చూశారు. "నేను లెయ్యనబ్బా. ఇట్నే ఇంటికి లాక్కపోండి."

"నిన్ను కూడా లాగితే ఇరుసు ఇరుగుద్ది," అన్నారు అంకుల్, కింద వంగి చూస్తూ.

ఇరుసు! నేను వారంగా వెతుకుతున్న మాట. మెకానిక్ నోట్లో ఉంది.

నాన్న లోపలి పొయ్యి మూత ఒక్క వేలితో ఎత్తి చూశారు. మూసేశారు. "గుడ్డ గోడలు మస్తాన్ భాయ్. ఈ ఉక్కకి బూజు పడుతుంది."

"అవును సార్, అదొకటుంది," అన్నారు అంకుల్.

నవంబర్ 14

బూజుకి జవాబు దొరికింది. ఆరబెట్టి మడవాలి, మడిచాక నెలకోసారి విప్పి గాలి తగలనివ్వాలి. నాన్నకు చదివి వినిపించాను. "చూద్దాం."

నవంబర్ 19

రెండోది. గట్టి గోడలు, విప్పితే గుడిసెలా ముక్కోణం. బూజు మాటే లేదు. 590 కిలోలు. అంకుల్ ఒకసారి తల పంకించారు — "ఇసకలో కొంచెం కష్టపెడతది. అయినా లాగుతా."

నాన్న ఈసారి కూడా పొయ్యి చూశారు. "పడక ఇరుకు."

టేపు తీసి కొలిచాను. మా ఇంట్లో మంచం కంటే నాలుగు వేళ్ళు ఎక్కువే. చెప్పాను. నాన్న నా వైపు చూసిన చూపు బాగాలేదు.

"రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?"

"మీ పేరు మీదే చేయిద్దాం సార్. నాకేముంది."

"అది కాదులే..."

ఏది కాదో చెప్పలేదు.

నవంబర్ 23

నేను ఒక జవాబు తెచ్చేలోపు నాన్న రెండు అడ్డంకులు తెస్తున్నారు. ఆఫీసులోనూ ఆయన పని అదే, డాక్యుమెంట్ కంట్రోలర్. ఒక సంతకం తక్కువైతే ఫైలు వెనక్కి.

డిసెంబర్ 2

నేషనల్ డే. సెలవులు. బాల్కనీ కింద ఒకటే కార్లు, జెండాలు, పైకప్పుల మీద టెంట్లు, కుర్చీలు, బొగ్గు బస్తాలు. అందరూ ఎడారికి. మేము తప్ప.

నస్రీన్ పక్కన నిలబడి — "ఏందే, మీ నాయన ట్రైలర్ కొంటన్నాడా, పెళ్ళికూతుర్ని చూస్తన్నాడా? ఒకదానికి ముక్కు బాలేదు, ఒకదానికి నడక బాలేదు."

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. వేళ్ళు మూడయ్యాయి.

డిసెంబర్ 4

విన్నాను. వినాలని కాదు. మంచినీళ్ళ కోసం వెళ్తుంటే వంటింట్లో నాన్న గొంతు.

"ఆ పొయ్యి మీద వాళ్ళు కోడి వండుకుంటారు. పొద్దున్నే దాని మీదే మనం పాలు పెట్టుకోవాలా? గిన్నెలన్నీ ఒకే తొట్టిలో..."

అమ్మ — "ఆ మాట వాళ్ళతో ఎలా అంటారు?"

"అనను. అందుకే కదా ఇన్ని వంకలు."

నీళ్ళు తాగకుండా గదిలోకి వచ్చేశాను. మొదట వచ్చింది కోపం కాదు — ఊరట. బూజు కాదు, ఇరుకు కాదు, రిజిస్ట్రేషన్ కాదు. పొయ్యి! ఇంతే! పొయ్యికి ఏదో ఒక దారి ఉంటుంది.

డిసెంబర్ 8

ఉంది. నాలుగు రోజులు వెతికాను. ఫిజిక్స్ రికార్డు కూడా పక్కన పెట్టి.

మూడో ట్రైలర్. మఫ్రఖ్ దగ్గర ఎవరో అమ్ముతున్నారు, రెండేళ్ళు వాడింది. 360 కిలోలు. నాలుగు పడకలు, రెండు ఇద్దరేసి పట్టేవి. లోపల పొయ్యే లేదు! వంటగట్టు మొత్తం వెనక నుంచి సొరుగులా బయటికి వస్తుంది, వంట ఆకాశం కింద. కావాలంటే రెండో పొయ్యి అవతలి పక్కన వేరే బల్ల మీద. అన్నిటికంటే తేలిక. అన్నిటికంటే చిన్నది.

ప్రకటనలోని ఫోటోలన్నీ ఫోన్‌లో దాచుకున్నాను.

డిసెంబర్ 9

పట్టికలో ఆరో కాలమ్ చేర్చాను. పేరు కోసం గంటసేపు ఆలోచించాను. "వంట సౌకర్యం" అని పెట్టి కొట్టేశాను, అది దాటవేసే మాట. చివరికి ఇలా రాశాను —

మాంసం వండే పొయ్యి వేరుగా పెట్టుకునే వీలు.

మొదటిది: లేదు. రెండోది: లేదు. మూడోది: ఉంది.

కింద ఒక వాక్యం: దీనితో నాన్న అభ్యంతరం కూడా తీరిపోతుంది.

అభ్యంతరం. ఒత్తులు రెండుసార్లు సరిచూసుకుని, ఫోటో తీసి రెండు ఇళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. స్కూల్ బస్సు ఎక్కే ముందు.

— సాయంత్రం.

అంకుల్ బొటనవేలు గుర్తు పెట్టారు. ఆంటీ నుంచి ఏమీ రాలేదు. నస్రీన్ చూసింది. బస్సులో ఫోన్ చూసుకుంటూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నాన్న ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. ఎప్పుడూ చేయరు. "అది తీసెయ్. ఇప్పుడే."

తీసేశాను. కానీ మెసేజ్ తీసేసినట్టు అక్కడ ఒక వాక్యం మిగిలింది. అది తీయడానికి లేదు.

డిసెంబర్ 10

నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ, ఆపి — "పదకొండేళ్ళలో వాళ్ళని నేను ఒక్క మాట అన్నానా?"

"అనలేదు," అంది అమ్మ. "ఇప్పుడు అన్నట్టయింది."

ఆయన అనకుండా దాచుకున్నదే ఆయన మర్యాద. నేను దాన్ని తీసి బయట పెట్టాను, చక్కటి అక్షరాలతో.

క్లాసుకు వెళ్ళలేదు.

డిసెంబర్ 11

లిఫ్టు దగ్గర మస్తాన్ అంకుల్. తప్పించుకునే వీలు లేదు.

"బాగా రాసినావు తల్లీ. పద్ధతిగా ఉంది. ఆ మూడోదే తీసుకోండి. మీరెక్కడికంటే అక్కడికి నేను లాగి పెట్టొస్తా."

"మీరు... ఉండరా అంకుల్?"

"మాకెందుకమ్మా ఇప్పుడు. సామాను కట్టే పనుంది."

సామానుకి ఇంకా రెండు నెలలు పైనే ఉంది. ఆయన నవ్వుతూనే ఉన్నారు. లిఫ్టు రాగానే నన్ను ముందు ఎక్కమన్నారు, తను మెట్ల మీద వెళ్ళారు.

డిసెంబర్ 13

బస్సులో నస్రీన్ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఎప్పటిలాగే. వేరే సీటులో కూర్చుంటుందనుకుని సిద్ధపడి ఉన్నాను. దీనికి సిద్ధంగా లేను.

"మాకు తెలీదనుకున్నావా?"

బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాను.

"మా అమ్మీ ప్రతి ఈద్‌కీ మీకు షీర్ ఖుర్మా కొత్త ప్లాస్టిక్ డబ్బాలో ఎందుకు పంపుద్ది అనుకున్నావు?"

"శుభ్రం కోసం అనుకున్నా."

నవ్వింది. నిజంగానే నవ్వింది. "ఇంట్లో గిన్నెలే లేవా మాకు? మా గిన్నె మీ ఇంటికొస్తే దాన్నెక్కడ పెట్టాల్నో తెలీక మీ అమ్మ ఇబ్బంది పడుద్దని. తెలుసబ్బా. ఎప్పుడో తెలుసు. రాసి పెడతావనుకోలా, అంతే."

మాల్ దగ్గర మలుపు తిరిగాక కెమిస్ట్రీ హోంవర్క్ అడిగింది.

డిసెంబర్ 17

క్లాసయ్యాక టీచర్‌తో చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. సరైన మాటే రాశాను టీచర్, అయినా ఒకరికి నొప్పి కలిగింది.

"ఎవరి మాట అది? నీదా?"

"మా నాన్నది."

"మరి నీ అభ్యంతరం ఏమిటో రాశావా?"

నాకేం లేదు, అన్నాను వెంటనే. టీచర్ నా వైపు చూసి చెప్పుల కోసం వంగారు.

డిసెంబర్ 22

ఆంటీకి ఉత్తరం. మొదటి కాగితం — క్షమించండి. రెండోది — మన్నించండి. మూడోది — తప్పయింది. నాలుగో కాగితం మీద ఏమీ లేదు. అదే అన్నిటికంటే నయం. నాలుగూ చింపేశాను.

జనవరి 1, 2023

ఏమీ లేదు. వేళ్ళు రెండు.

జనవరి 8

నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా — "ఆ మూడోది ఇంకా ఉందా?"

ఉంది, అన్నాను.

చొక్కా మార్చుకుని ఎదురింటికి వెళ్ళారు. పదకొండేళ్ళలో పండగలకు గుమ్మం దాకా వెళ్ళడమే చూశాను, లోపలికి వెళ్ళి తలుపు వేయడం ఇదే మొదటిసారి. పొయ్యి మీద పాలు పొంగేలోపే తిరిగి వచ్చారు.

"ఏమన్నారు?"

"ఇన్షా అల్లా అన్నాడు."

ఆ మాటకు ఏ సందర్భంలో ఏ అర్థమో ఇక్కడ పుట్టి పెరిగిన నాకు చెప్పక్కర్లేదు. ఇది మర్యాదగా కాదనడం.

అమ్మ అడిగింది — "టీ ఇచ్చారా?"

"ఇచ్చారు." చెప్పులు విప్పి గోడ వారగా సర్దారు. ఒకసారి సర్దినవే మళ్ళీ సర్దారు. "పేపర్ కప్పులో."

జనవరి 15

మూడోది అమ్ముడైపోయింది. ప్రకటన మీద ఎర్ర గీత.

నాన్నకు చెప్పాను. "పోనీలే, దానికి టైర్లు పాతవి," అన్నారు. మా ఇద్దరికీ తెలుసు, టైర్లు కొత్తవి. పట్టికలో 'పాతదా కొత్తదా' కింద నేనే రాశాను.

జనవరి 26

వాన. స్కూల్ దారిలో నీళ్ళు నిలిచాయి. లివాలో ఇసక తడిసి గట్టిపడి ఉంటుంది, బండి లాగడానికి ఇదే మంచి సమయం — అంకుల్ చెప్పిందే, నవంబర్లో.

ఫిబ్రవరి 12

ఎదురింటి గుమ్మంలో అట్టపెట్టెలు. అన్నీ మడతపెట్టినవే, విప్పి టేపు వేస్తున్నారు. సాయం చేయనా అని అడిగాను. ఆంటీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టారు. "నువ్వు కూర్చో బంగారూ, దుమ్ము." బత్తాయి చేతికిచ్చారు. తొక్కతోనే. ఆవిడ చెయ్యి తగలకుండా నేనే వలుచుకునేట్టు.

ఇదివరకూ ఆ ఇంట్లో నాకు పెట్టింది ఎప్పుడూ బత్తాయే, అరటిపండే. నాకు ఇష్టమని పెడుతున్నారనుకునేదాన్ని.

ఫిబ్రవరి 25, శనివారం

ట్రక్కు పన్నెండుకి వచ్చింది. నాలుగు గంటలకు ఖలాస్. అంకుల్ నాన్నకు చెయ్యి ఇచ్చారు, నాన్న రెండు చేతులతో పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు. ఇద్దరూ మాట్లాడింది కింద పార్కింగ్ గురించి.

నస్రీన్ మళ్ళీ పైకి పరిగెత్తుకొచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు — షమీమ్.

"నిమ్మకాయ పులిహోర. పొద్దున నేనే చేశా. ఉప్పెక్కువైంది."

"ఇందులోనా?"

"అమ్మీ వద్దనింది. డబ్బాలో పెట్టమనింది. నేనే పెట్లా." మెట్లు దిగుతూ — "గిన్నె తర్వాత ఇద్దువులే."

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా నాన్నా కిందే ఉన్నారు. వంటింట్లో నిలబడి మూత తీశాను. చల్లారిపోయింది. పసుపు, ఆవాలు, వేరుశనగపప్పులు, కరివేపాకు. మా ఇంట్లో చేసేదే.

ముద్ద తీసుకున్నాను. నోటి దగ్గర చెయ్యి ఆగింది.

ఒక్క క్షణం. ఈ గిన్నెలో అంతకు ముందు ఏం...

తర్వాత తిన్నాను. మొత్తం తిన్నాను. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. కానీ చెయ్యి ఆగింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను.

ఆరో కాలమ్ నాన్నది అనుకున్నాను.

మార్చి 5

అమ్మ ఆ గిన్నెను కొత్త పీచుతో తోమింది. బోర్లించింది — వంటింట్లో కాదు, బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద. నాన్న రోజూ దాని పక్కనుంచే తువ్వాలు తీసుకుంటారు. జరపరు. అడగరు.

"ఖాళీగా ఇవ్వకూడదు," అంటుంది అమ్మ. ఏం పెట్టివ్వాలో చెప్పదు. రస్ అల్ ఖైమా మూడు గంటల దూరం. ఎవరు వెళ్తారు?

పట్టిక ఇవాళ చింపుదామని తీశాను. చింపలేదు. మూడోదాని ముందు "ఉంది" అని ఎంత గుండ్రంగా రాశానో.

నస్రీన్ మెసేజ్ — "పులిహోర తిన్నావా పారేశావా? నిజం చెప్పు."

తిన్నాను, అని టైపు చేశాను. నిజమే. చెరిపేశాను. మొత్తం తిన్నాను, అని రాశాను. అదీ నిజమే.

పంపలేదు. తను ఆన్‌లైన్‌లోనే ఉంది. ఎదురుచూస్తోంది...