హాజరు పలికిన బావ

తడ

అక్క మాలకొండమ్మకు తమ్ముడు రమణయ్య నమస్కారాలు. ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. అందుకే ఉత్తరం. ప్రసాద్ బావ కౌన్సిలర్ అయ్యాడని మా వీధంతా మిఠాయి పంచాను. మన జాలరి పాళెం మనిషి మున్సిపాలిటీలో కూర్చోవడం ఇదే మొదలు.

నీ తమ్ముడు.

తా.క.: బ్యాలెట్‌లో బావ పేరుకు బదులు నీ పేరు పడిందట. ఆ తప్పు దిద్దించమను.

*

తమ్ముడికి దీవెనలు. తప్పేమీ లేదురా. మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. నిలబడిందీ గెలిచిందీ నేనే. చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగినదాన్ని, ప్రతి గడపా నాకు తెలుసు. చేపల మార్కెట్‌కు కుళాయి వేయించాలని నా పట్టు. మిగతా కౌన్సిలర్లెవరూ అక్కడ ఒక్క పూటైనా కూర్చున్నవాళ్ళు కారు.

మీ అక్క.

తా.క.: మొదటి మీటింగులోనే బావను హాల్లోంచి బయటికి పంపడం జరిగింది. బస్సుకు టైమైంది, మిగతాది మళ్ళీ రాస్తాను.

*

అక్కా, నీ ఉత్తరం చదివి అన్నం మానేశాను. చేపలు పట్టేవాడనే కదా బావంటే అంత చులకన. వచ్చే మీటింగుకు ఆటోల్లో మనుషులతో వస్తున్నాను. న్యాయం జరిగేదాకా గేటు ముందే కూర్చుంటాం.

రమణయ్య.

తా.క.: అన్నం మానేసింది ఒక్క పూటే. నీ మరదలు చిట్టి రాత్రికి రొయ్యల పులుసు పెట్టింది.

*

రమణయ్యా, ఆటోలు ఆపు. బావను పంపింది నేనే. కమిషనర్ గారు నా పేరు పిలిస్తే మీ బావ లేచి హాజరు పలికాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది, ఆయన ముఖం చూస్తే జాలీ వేసింది. "నువ్వు బయట కూచో. నా మాట నేనే చెప్పుకుంటా" అన్నాను. వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నాడు. కుళాయి సంగతి అడిగేశాను. వచ్చే మీటింగులో తేలుస్తామన్నారు. బయటికి రాగానే "కుళాయి ఏమన్నారు?" అని మొదట అడిగింది మీ బావే.

మీ అక్క.

తా.క.: ఆ రోజే మిగతా ఆడ కౌన్సిలర్ల మొగుళ్ళూ బయటికి వచ్చి గేటు దగ్గరే కూర్చున్నారు. వాళ్ళకు మీ బావే చైర్మన్.

*

వదినా, ఈసారి రాసేది నేను, చిట్టిని. కుళాయి వచ్చినందుకు సంతోషం. ఆటోలు ఆపమన్న నీ ఉత్తరం అందేలోపే మా ఆయన బయలుదేరిపోయాడు. గేటు దగ్గర ప్రసాద్ అన్నయ్య పక్కన నిలబడి, కిటికీలోంచి నీ మాటలు విని, ఒక్క నినాదమైనా ఇవ్వకుండా తిరిగొచ్చాడు. "అక్క మాట్లాడతా ఉంటే ఒక్కరూ అడ్డం రాలేదు చిట్టీ" అని వారమంతా అదే మాట.

ఇక్కడ మా పంచాయతీకీ ఎన్నికలు వచ్చాయి. మా వార్డు ఎవరైనా నిలబడే సీటు. ఆయన నామినేషన్ వేశాడు. మర్నాడు ఆయన మీద నేనూ వేశాను. కాసేపు అలిగాడు. ఇప్పుడు పొద్దున ఆయన, సాయంత్రం నేను అవే గడపలకు పోయి ఓట్లు అడుగుతున్నాం.

నీ మరదలు చిట్టి.

తా.క.: తన ఓటు నాకే వేస్తానన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.