చక్రపాణి గిన్నెలో మీసో చారు

జనవరి 11, 2009, ఆదివారం. ఉదయం 9.00
ఈ ఇంట్లో జరుగుతున్న అన్యాయానికి కారకుడు నా రూమ్మేట్ చక్రపాణి. వరసగా పదకొండో రోజు మైక్రోవేవ్‌లో ఫ్రోజెన్ పరాఠా! నోవై ఊరంతా మోకాలి లోతు మంచు, మా కంచాల్లో అట్టముక్కలు. నిజం రాయాలి: ఇవాళ్టి ఆరు పరాఠాల్లో మూడు నేనే తిన్నాను.

ఇక చాలు! కింది ఫ్లాట్ జపాన్ ఆవిడ ఓకుబో గారు ఇచ్చిన వంటల కరపత్రం రెండుసార్లు చదివాను. జపాన్ ఇళ్లలో రోజూ అన్నం, చారు, ఒక కూర, ఊరగాయ. మన అమ్మమ్మలు వండిందీ అదేగా! రెండు వంటిళ్లూ ఏకం కావాలి!

తీర్మానం: ఇరవై ఒక్క రోజులు ఇంటి వంటే. ఒక పూట జపాన్‌ది, ఒక పూట మనది. చక్రపాణి పుట్టుకతో శాకాహారి కాబట్టి అంతా శాకాహారమే. వాడికి మాట ఇచ్చాను.

జనవరి 12. సాయంత్రం 7.30
జపనీస్ షాపులో కొన్నవి: మీసో అనే పులిసిన సోయా ముద్ద, గుండ్రటి బియ్యం, చారులో వేసే రుచి పొడి. చారు పెట్టాను.
"ఏంట్రా ఉదయ్, ఇడ్లీ పిండి పాడైందా?" అన్నాడు చక్రపాణి. సగం గిన్నె తాగి పరాఠా విప్పాడు. ద్రోహి!

జనవరి 14
అన్నం ముద్దల మధ్య ఆవకాయ కూరాను. పాలకూర మీద నువ్వుల పొడి చల్లాను. చారు షరామామూలే. చక్రపాణి పరాఠా విప్పలేదు!

జనవరి 17, శనివారం
జయం! మూడు గిన్నెలు తాగాడు!
"మా అమ్మ చారు తర్వాత ఇదేరా. ఏం వేస్తున్నావు?"
"చిత్తశుద్ధి!"

జనవరి 18. సాయంత్రం 4.00
ఓకుబో గారు వచ్చారు. ఒక గిన్నె ఇచ్చాను. "చాలా బాగుంది. చేప రుచి సరిగ్గా పట్టింది," అన్నారు.
ఏ చేప?
ఆవిడ రుచి పొడి ప్యాకెట్ చూపించారు. దాని మీద చేప బొమ్మ ఉంది. కంపెనీ గుర్తనుకున్నాను! అగ్గిపెట్టె మీద గుర్రం ఉంటే లోపల గుర్రం ఉంటుందా? ఇందులో ఉందట. ఎండు చేపల పొడి. ఆరు రోజులుగా చక్రపాణికి పోస్తున్నాను.

జనవరి 19
ఆఫీస్‌లో పని ఎక్కువ. వంట లేదు. చీజ్ పిజ్జా.
"చారేదిరా?"
"పొడి అయిపోయింది."
"రేపు నేను తెస్తాలే. ఏ ప్యాకెట్?"
ఇంకో పిజ్జా ముక్క వాడి కంచంలో వేశాను.

జనవరి 20
ఒకటి: తెలియక చేసింది తప్పు కాదు.
రెండు: వేసింది అరచెంచాయే.
మూడు: చెబితే వాడికి బాధ. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు.
మూడోది కొట్టేశాను. కాలేజీ గోడల మీద ప్రజలకు నిజం చెప్పాలని రాసిన చేయి ఇది!
పరాఠాలు. నాలుగు. అన్నీ నేనే.

జనవరి 21. సాయంత్రం 6.40
ప్యాకెట్ ముందు పెట్టి చెప్పేశాను.
"ఆరు రోజులా?"
"ఆరు. ఆదివారం దాకా నాకు తెలీదురా."
"ఇవాళ బుధవారం. మూడు రోజులు నా దగ్గర దాచావు. చేప సంగతి సరే, నాకు మండేది అందుకు."
గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ప్యాకెట్ చెత్తబుట్టలో పడేశాను.

జనవరి 24, శనివారం
మూడు రోజులుగా మాటల్లేవు. ఓకుబో గారిని అడిగాను. చారు రుచికి ఎండు సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు చన్నీళ్లలో నానబెడితే చాలట. చేప అక్కర్లేదు. కోటు వేసుకుని షాపుకి బయల్దేరాను. గుమ్మం దగ్గర చక్రపాణి, చేతిలో కారు తాళాలు.
"కొనేముందు ప్రతి ప్యాకెట్ నేను చదువుతా. జపనీస్‌లో ఉంటే షాపువాణ్ణి అడుగుతా."
"కోపం పోయిందా?"
"పోలేదు. ఆకలేస్తోంది. నడు."

జనవరి 25, ఆదివారం. ఉదయం 9.00
మళ్లీ మొదటి రోజు! నాచు నానుతోంది. చక్రపాణి పప్పు కడుగుతూ ఇంకా ముభావంగానే ఉన్నాడు. గుమ్మం తలుపు మీద ప్రకటన అంటించాను:

పై ఫ్లాట్లు, కింది ఫ్లాట్లు, ఆకలిగొన్న సోదర సోదరీమణులారా! ముద్దపప్పు, మీసో చారు సిద్ధం. మొదటి గిన్నె చక్రపాణిది. వాడు తాగి తలూపితేనే మిగతావాళ్లకు వడ్డన. ఊపకపోతే తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటాను. ఈ సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు మా వంటింటికి రండి!