వరలక్ష్మి గారి బరువు కింద

జగదల్‌పూర్,
ఆదివారం మధ్యాహ్నం.

సరోజక్కకు, చెల్లెలు నాగమణి నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, నాన్న, పిల్లలు ఏ నలతా లేకుండా ఉన్నారని తలుస్తున్నాను. నాన్న నడుము నొప్పి తగ్గిందో లేదో నువ్వే నిజం రాయి. ఫోన్లో అడిగితే ఆయన నీ చేతిలోంచి లాక్కుని "నాకేమైంది" అంటాడు. ఈ ఉత్తరం రాయడం కూడా అందుకే. ఈ సంగతి ఫోన్లో చెబితే ఆయన చెవిన పడుతుంది. పడ్డాక ఉద్యోగం వదిలి ఇంటికొచ్చే భోపాల్‌పట్నం బస్సెక్కమంటాడు.

బాగానే ఉన్నానన్నాను కదా, ఆ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదువు. రెండు మోకాళ్ళ తోలు లేచిపోయింది. ఎడమ చెవి వాచింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తోంది. ఇక్కడి వానలకు బట్టలు ఆరవు. నా ప్రాక్టీసు బట్టలైతే దుప్పటంత మందం, మూడు రోజులైనా తడితడిగానే ఉంటాయి. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుంది. పులుసన్న మాట వాళ్ళకు తెలియదు.

ఇదంతా మా ప్రిన్సిపాల్ మేడం చలవే. నేను చేరిన నెలకే పిలిచి, "హాస్టల్ పిల్లలను ఎవడైనా కింద పడేస్తే బయటపడడం వాళ్ళకు రావాలి. పీటీ టీచర్ మీరే కదా, ముందు మీరు నేర్చుకుని రండి" అన్నారు. వారానికి మూడు సాయంత్రాలు టౌన్లో జియు-జిట్సు క్లాసుకు పంపారు. బ్రెజిల్ వాళ్ళ కుస్తీ అది. గుద్దడం, తన్నడం ఉండదు. పైనున్న వాళ్ళు కదలకుండా అదిమి పట్టాలి, కిందున్న వాళ్ళు బయటపడాలి. అన్ని సముద్రాలు దాటొచ్చిన ఆట నా మీదే పడాలా, చెప్పు.

జిల్లా జట్టులో కబడ్డీ ఆడినదాన్ని, ఇదెంత అనుకున్నాను. నలుగురు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకెళ్ళేదాన్ని కదా. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచింది. గీత కోసం చాపినట్టు చెయ్యి చాపితే, ఆ చెయ్యే పట్టుకుని మెలిపెడతారు. మా కోచ్ మేడంది ఇంఫాల్ వైపు. "చేతులు లోపల, మోచేతులు పక్కటెముకలకు" అని హిందీలో రోజుకు వందసార్లు అంటుంది. వంద అబద్ధం కాదు.

నా జోడీ వరలక్ష్మి గారు. యాభై దాటిన మనిషి. కిరండుల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్రావాళ్ళు. కూతురిని చేర్పించడానికి వచ్చిందట. కూతురు వారానికే మానేసింది, ఈమె ఉండిపోయింది. నా ఛాతీ మీద అడ్డంగా పడుకుని, మంచం మీద ఉన్నట్టు కబుర్లు చెబుతుంది.

"నిన్న వంకాయ కూరలో ఉప్పెక్కువైందమ్మా. మా ఆయన ఒక్క మాటా అనకుండా తినేశారు. అదే నాకు ఒళ్ళు మండింది."

"వరలక్ష్మి గారూ, జర లేవుండ్రి."

"లేవనమ్మా. నువ్వే తప్పించుకోవాలి."

ఓడిపోయామని చెప్పాలంటే చేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే పైవాళ్ళు వదిలేయాలి. నాలుగు వారాలు నేను చేసింది అదొక్కటే. నా వెనక చేరిన వాళ్ళు బయటపడుతున్నారు, నేను తడుతున్నాను. విసుగెత్తి, ఇది నా వల్ల కాదని ప్రిన్సిపాల్ మేడంకు అర్జీ రాసి సంచిలో పెట్టుకున్నాను. స్కూల్లో ఇంకో పీటీ టీచర్ లేదు. నేను మానేస్తే ఈ ఏడు ఆ పిల్లలకు నేర్పేవాళ్ళుండరు. అది తెలిసే రాశాను.

ఆ సాయంత్రమే వరలక్ష్మి గారు నన్ను పక్కకు పిలిచింది. "ఏమీ అనుకోకు. నువ్వు నా బరువుకి తట్టట్లేదు. నేనింకా మోకాళ్ళ మీద ఉండగానే తట్టేస్తున్నావు. మొహం పాలిపోతోంది. ఏంటమ్మా సంగతి?"

"చిన్నప్పుడు నా మీద గోడ కూలింది" అన్నాను.

అక్కా, ఆ మాట మన ఇంట్లో ఎవరమూ ఎత్తం. నాన్న కట్టిన గోడ కాబట్టి అసలే ఎత్తం. కానీ ఛాతీ మీద బరువు పడగానే, క్లాసులో పరిచే ఆ ప్లాస్టిక్ పరుపు మీద కూడా నాకు తడిమట్టి వాసన వస్తుంది. నువ్వు గోళ్ళతో తవ్వి తీశావు. నీ చూపుడువేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. తవ్వుతున్నంతసేపూ నువ్వు నన్ను పిలుస్తూనే ఉన్నావు. నాకు వినబడింది. నోటినిండా మట్టి, పలకలేకపోయాను. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు.

వరలక్ష్మి గారు అయ్యో అనలేదు. "గోడని తడితే లేవదమ్మా. నేను లేస్తాను. రా" అంది.

ఆ రోజు బయటపడడం మాటే లేదు. ఆమె పడుకోవడం, నేను తట్టడం, ఆమె లేవడం. నవ్వలేదు, విసుక్కోలేదు, ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. మధ్యలో వంకాయ కూర సంగతి మాత్రం పూర్తి చేసింది. రెండు వారాలు అలాగే గడిచాయి, అర్జీ సంచిలోనే ఉండిపోయింది. ఊపిరి తీసుకుంటూ ఉండడం మెల్లగా అలవాటైంది. అప్పుడుగానీ కోచ్ మేడం చెప్పేది చెవికెక్కలేదు. ఒక ముంజేయి ఆమె మెడకు, ఇంకోటి నడుముకు అడ్డం పెట్టాలి. నడుము ఎత్తి, రొయ్యలా ముడుచుకుని పక్కకు జరగాలి. ఆ సందులో మోకాలు దూర్చాలి. మొన్న శుక్రవారం దూర్చాను. మరుక్షణమే ఆమె మళ్ళీ నా మీదెక్కి కూర్చుంది. కాస్త గర్వపడడానికి కూడా ఇవ్వలేదు.

నిన్న స్కూలు మైదానంలో పిల్లలకు మొదటి పాఠం చెప్పాను. వాన వెలిసి నేలంతా తడిగా ఉంది. నేనే వెల్లకిలా పడుకుని, నన్ను అదిమి పట్టమన్నాను. టీచర్ మీద పడుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి ఉసూర్ వైపు నుంచి వచ్చిన దొర్ల గూడెం పిల్ల ముందుకొచ్చింది. తొమ్మిదో తరగతి, మంచి కండ గల పిల్ల. నాతో తెలుగులోనే మాట్లాడుతుంది.

"టీచరమ్మా, బరువైతున్ననా?"

"అయితున్నవ్. ఉండు. నేను తట్టంగనే లేవాలె."

తట్టాను. లేవలేదు. చుట్టూ పిల్లలు కేకలు పెడుతుంటే హుషారెక్కి ఇంకా బిగించింది. మళ్ళీ తట్టాను. ఈసారి నిజంగానే ముక్కు పక్కన తడిమట్టి. అక్కా, ఒళ్ళు చల్లబడింది. ఒక్క ఊపిరి తీసుకున్నాను. ఇంకొకటి తీసుకున్నాను. మోచేతులు లోపలికి తెచ్చి, నడుము జరిపి, మోకాలు దూర్చి బయటపడ్డాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"తడితే ఎందుకు లేవలేదే?"

"గెలుస్తున్న కద టీచరమ్మా."

ఆ పూట ఇంకే పాఠమూ చెప్పలేదు. ఎండ దిగేదాకా ఒకరు తట్టడం, ఒకరు లేవడం, అంతే చేయించాను. పిల్లలకు విసుగొచ్చి సణిగారు. సణగనీ అని, ప్రతి ఒక్కరూ తట్టీ తట్టకముందే లేచేదాకా వదల్లేదు.

నా గురించి బెంగపడకు, నేను బాగానే ఉన్నాను. ఇటు వచ్చేవాళ్ళుంటే కొత్త చింతపండు పంపు. నాన్నకు ఆటల్లో మోకాళ్ళు గీసుకుపోయాయని మాత్రం చెప్పు, గోడ మాట ఎత్తకు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నాన్న పాదాలకు నా బదులు నువ్వు మొక్కు. మీ ఇద్దరి దీవెనలు నాకుండాలి.

నీ చెల్లెలు,
నాగమణి