ముందు కోత, తర్వాత గట్టు

గద్వాల
2 మార్చి 2005

ప్రియమైన పద్దూ,

బాగున్నావా? నీకేం తక్కువలే. వనపర్తిలో చల్లటి ల్యాబులో కూర్చుని పిల్లల్ని దబాయిస్తున్నావు. ఇక్కడ నా ప్రాణం మీదికొచ్చింది.

మా చేనేత సంఘం కంప్యూటర్‌లో విండోస్ బదులు నువ్వే లినక్స్ వేసి, "ఇగ ఇది నీ బిడ్డ, మంచిగ చూసుకో" అని నాకు అప్పగించి పోయావు. అప్పటినుంచీ ఇంటింటికీ తిరిగి, పెట్టెల అడుగున మగ్గుతున్న పాత చీరలు అడిగి తెచ్చి, అంచులూ కొంగులూ స్కానర్ మీద పరిచి అందులోకి ఎక్కిస్తున్నాను. ఇప్పుడు మా అధ్యక్షుడు జగదీశ్ గారు మగ్గం మీద డిజైను నడిపించే జాకార్డ్ అట్టలకు చిల్లులు కొట్టే యంత్రం తెప్పించారు. దాని ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవదట. డిస్కులో సగం ఖాళీయే. కానీ డిస్కంతా ఒకే గదిలాగా లినక్స్ కింద ఉంది. విండోస్‌కు వేరే గది కావాలి.

డీలర్ పంపిన మనిషి చూసి, "గింతదానికి పరేషాన్ ఎందుకు మేడం? అంత తుడిచేసి విండోస్ ఏస్త" అన్నాడు. "అండ్లున్న డిజైన్లు ఏం గావాలె?" అని నేనడిగితే, "మళ్ల ఎక్కించుకోండ్రి" అన్నాడు. ఆ స్కానర్ ఎత్తి వాడి నెత్తిన వేయాలనిపించింది.

అన్నీ మళ్ళీ ఎక్కించగలనేమో, సత్తెమ్మ అంచు మాత్రం ఎక్కించలేను. ఆమె తన పెళ్ళి చీర తువ్వాలలో చుట్టుకొచ్చి, స్కాన్ అయ్యేదాకా స్టూలు మీద నుంచి లేవలేదు. పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఆమె కోరిక ప్రకారం ఆ చీర కట్టే సాగనంపారు. ఇప్పుడు ఆ అంచు ఏ ఇంట్లోనూ లేదు, ఏ మగ్గం మీదా లేదు, ఈ డిస్కులో తప్ప. మనవరాలు మానస దాన్ని నేయాలని మగ్గం సిద్ధం చేసుకుని కూర్చుంది. తుడిచేస్తే సత్తెమ్మ రెండోసారి పోయినట్టే కదే!

ఆ డీలర్ మనిషి సోమవారం వస్తాడు. ఈ లోపల నాకు దారి చూపించు. సంఘం ఫోన్ మూగబోయింది, ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఇదంతా చెప్పుకోలేను. అందుకే మీ ఊరి బస్సు కండక్టర్ అంజయ్యన్న చేతికి ఉత్తరం ఇస్తున్నాను. మా చీరల మూటలు కూడా ఆయన చేతుల మీదుగానే వనపర్తి దుకాణాలకు చేరతాయి. మూటలే పోగొట్టనివాడు కాగితం పోగొడతాడా?

కన్నీళ్ళు దిగమింగుకుంటూ,
నీ మల్లి


వనపర్తి
3 మార్చి

నా బంగారు మల్లీశ్వరికి,

ముందు ఒక్క మాట. ముట్టకు! పాలిటెక్నిక్ రోజుల్లో నువ్వు బాగుచేస్తానని విప్పిన రేడియో ఇప్పటికీ విప్పినట్టే ఉందని మీ అమ్మ మొన్న కూడా వాపోయింది.

ఇంక ఏడుపు ఆపు. తుడవాల్సిన పనేం లేదు. లినక్స్ భాగాన్ని కుదించి, మిగిలిన చోటు విండోస్‌కు ఇవ్వొచ్చు. చేయడానికి కాసేపు చాలు, చెడడానికి ఒక్క మీట చాలు. అందుకే డిజైన్లకు నకలు లేకుండా ఎవరూ ఈ పని మొదలుపెట్టరు. ఆ డిస్కు ఊడదీసి, మెత్తటి బట్టలో చుట్టి అంజయ్యన్నకు ఇవ్వు. ఇక్కడ నకలు తీసి, కుదించి, మరుసటి బస్సుకే పంపేస్తాను. నేనే వచ్చేదాన్ని. ఆదివారం కూడా ప్రాక్టికల్ పరీక్షలు పెట్టారు, బయటి కాలేజీ సార్లు వస్తున్నారు, నేను కదిలితే ల్యాబు ఆగిపోతుంది.

నువ్వు తినకుండా కూర్చుంటావని నాకు తెలుసు. తిను.

ప్రేమతో,
పద్మజ


గద్వాల
4 మార్చి, పొద్దున

పద్దూ,

డిస్కు రాదు. జగదీశ్ గారు ససేమిరా అన్నారు. "సంఘం సొత్తు గడప దాటొద్దమ్మ. నీ మీద నమ్మకం లేక గాదు, రేపు నల్గురు నన్నడుగుతరు" అన్నారు. ఆయన్నీ తప్పుపట్టలేను. ఈ మిషన్‌లో సీడీ రాసే వీలు లేదు. ఫ్లాపీల్లోకి ఎక్కిద్దామంటే ఒక్క స్కాన్ కూడా ఒక ఫ్లాపీలో పట్టదు, నా జీవితం చాలదు. నకలు లేకుండానే చేయాలి. లేదంటే సోమవారం వాడే తుడిచేస్తాడు. రెండింటిలో నాకు ఏది మేలో నువ్వే చెప్పు.

నేనే చేస్తాను. ఎలా చేయాలో రాసి పంపు. అక్షరం చూసి అక్షరం కొడతాను.

మా ఊరు పెద్దమందడి కబురు కూడా ఒకటుంది. మా నాన్నా చిన్నాన్నా చేను పంచుకుంటున్నారు. చిన్నాన్న గట్టు ఇప్పుడే జరుపుదామని గునపం పట్టుకొచ్చాడట. మా నాన్న భీమన్న సంగతి నీకు తెలుసు కదా, గట్టు మీద అడ్డంగా కూర్చుని, "శనక్కాయ పీకినంకనే గట్టు జరగాలె. పంట మీదికెళ్లి గట్టు ఏస్తర్రా ఎవలన్న?" అన్నాడట. ఇంకా పీకుతూనే ఉన్నారు. చిన్నాన్న మూతి ముడుచుకుని కూర్చున్నాడని అమ్మ ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను. ఈ వారంలో అదే మొదటిసారి.

ఎదురుచూస్తూ,
మల్లి


వనపర్తి
4 మార్చి, సాయంత్రం

మొండి మల్లీ,

సరే. నీ తెగింపు చూసి నాకూ ధైర్యం వచ్చింది. దీంతో ఒక సీడీ పంపుతున్నాను. మిషన్‌ను ఈ సీడీతోనే మొదలుపెట్టు. అప్పుడు లినక్స్ సీడీ మీద నుంచే నడుస్తుంది, డిస్కు కదలకుండా పడుకుని ఉంటుంది. మనుషులు తిరుగుతున్న ఇంట్లో గోడలు జరపకూడదు కదా.

కొట్టాల్సిన ఆజ్ఞలు విడి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. వరస ఇదీ. ముందు డిస్కులో తప్పులున్నాయేమో తనిఖీ చేయించు. తర్వాత లినక్స్ పార్టిషన్, అంటే నువ్వన్న ఆ గది, దాని హద్దు సగానికి జరుపు. మొదలు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉండాలి, వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఖాళీ అయిన చోట విండోస్‌కు కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ కొట్టు. ఆఖరున లినక్స్ ఫైల్ సిస్టమ్‌ను కొత్త హద్దుకు సరిపోయేలా కుదించు. ఫైల్ సిస్టమ్ అంటే గదిలో ఏ సామాను ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు అనుకో. రోజూ ఇక్కడ డిస్కుల్లో పార్టిషన్లు పెంచీ పెంచీ నాకిది కళ్ళు మూసుకుని చేసే పని. నువ్వు మాత్రం కళ్ళు తెరుచుకునే చెయ్యి.

నీ వెనకే ఉన్నానని అనుకో.

పద్దు


వనపర్తి
5 మార్చి, మధ్యాహ్నం

మల్లీ,

ఆపు! ఏం చేస్తున్నా ఆపు. నేను రాసిన వరస తప్పు.

ఇందాక పరీక్షలో ఒక పిల్లను డిస్కులో చోటు పెంచడం గురించి అడిగితే, "ముందు పార్టిషన్, ఎనక ఫైల్ సిస్టమ్ మేడం" అంది. కుదించడానికి అంటే, "ఉల్టా మేడం" అంది. అప్పుడు గుర్తొచ్చింది. నీకు నేను పెంచే వరస రాసి పంపాను. డిస్కు సగం ఖాళీ అయినా డిజైన్లన్నీ ఒక పక్కనే ఉండవు, అటూ ఇటూ చెదిరి ఉంటాయి. హద్దు ముందే జరిపి అవతల ఫార్మాట్ కొడితే అటు పడినవన్నీ పోతాయి. వాటిలో సత్తెమ్మ అంచు ఉంటే నేను ఏ మొహం పెట్టుకుని గద్వాల రావాలి?

మీ ఎదురు బట్టల షాపుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. అంజయ్యన్నను బస్సు ఆగీ ఆగగానే మీ సంఘానికి పరుగెత్తమన్నాను. ఇది నీకు సమయానికి అందాలి.

పద్దు


గద్వాల
9 మార్చి

ప్రియాతిప్రియమైన, తలకిందుల పద్మజమ్మకు,

నీ ఉత్తరం అందేసరికి పని అయిపోయింది. పాపం అంజయ్యన్న టికెట్ల సంచీ చంకన పెట్టుకుని, రొప్పుతూ లోపలికొచ్చి, "అమ్మా, ఆపుమన్నది!" అని అరిచాడు. నేను స్టూలు మీద కూర్చుని అన్నం తింటున్నాను. అవునే, తిన్నాను.

ఇంక విను. సీడీ పెట్టాను, తనిఖీ చేయించాను. హద్దు జరిపే ఆజ్ఞ కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టాను. వేలు దిగలేదు. మా నాన్న గట్టు మీద అడ్డంగా కూర్చున్నట్టు కళ్ళ ముందు కనిపించాడు. డిజైన్లు ఇంకా చేనంతా ఉన్నాయి, పంట పీకలేదు, గట్టెలా వేస్తానే? నువ్వేమో పెద్ద చదువరివి, నేనేమో రేడియో విప్పిన దాన్ని. నిన్ను కాదనే ముందు ఇంకొకరిని అడగాలనిపించింది. ఆ సీడీలోనే ఉన్న మాన్యువల్ తెరిచి, అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ చదివాను. మా నాన్న చెప్పిందే అందులోనూ ఉంది!

అందుకని ముందు ఫైల్ సిస్టమ్‌ను కుదించాను. అనుకున్న హద్దుకు ఇంకా జానెడు ఇవతలికే కుదించాను, గట్టు పక్కన నడవడానికి చోటు వదిలినట్టు. ఆ తర్వాతే పార్టిషన్ హద్దు జరిపాను. మళ్ళీ తనిఖీ చేయించాను, ఒక్క తప్పూ లేదు. అప్పుడే అవతల కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ కొట్టాను. సీడీ తీసి మామూలుగా మిషన్ మొదలుపెట్టి, అన్నిటికంటే ముందు సత్తెమ్మ అంచు తెరిచాను. నిండుగా వచ్చింది, పద్దూ! ఎర్రటి అంచు మీద నెమళ్ళు ఒకదాని వెంట ఒకటి. గట్టిగా ఏడ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

సోమవారం డీలర్ మనిషి చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "నీ జాగ నీకున్నది, ఆడ ఏసుకో. గట్టు దాటి ఈవలికి రాకు" అన్నాను. వాడు స్క్రీన్ వంక, నా వంక చూసి బుద్ధిగా గట్టు అవతలే పని చేసుకున్నాడు. విండోస్ వేశాక మిషన్ లినక్స్‌ను మరిచిపోతే, నీ సీడీతో దానికి మళ్ళీ గుర్తుచేశాను. ఇప్పుడు ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది. జగదీశ్ గారు అందరికీ చాయ్ చెప్పి, "మా మల్లి గట్టి పిల్ల" అని వీధంతా వినేలా అన్నారు. నేను కాలరెగరేశాను, పంజాబీ డ్రెస్సుకు కాలరు లేకపోయినా.

నిన్న మానస మగ్గానికి ఆ అంచు ప్రకారం చిల్లులు కొట్టిన కొత్త అట్టలు కట్టారు. మొదటి నెమలి పైకి రాగానే ఆ పిల్ల నేత ఆపి, అంచు మీద అరచెయ్యి ఆనించి, "మా అవ్వ మళ్ల ఇంట్లకొచ్చినట్లుందక్కా" అంది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంగి ఆ నెమలిని తడిమారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

నువ్వు పరీక్షల మధ్య గుండె చేతిలో పట్టుకుని రాసిన ఆ "ఆపు!" కాగితం దాచుకున్నాను. తప్పు తెలిసిన క్షణంలోనే చెప్పేసే స్నేహితురాలు ఎందరికి ఉంటుంది? దానికి బదులుగా మగ్గం మీద ఆ మొదటి చీర నీదే. వచ్చి కట్టుకుపో. కట్టుకోవడానికి రాకపోతే నేనే అంజయ్యన్న బస్సెక్కి వచ్చి, నీ ల్యాబు పిల్లల ముందే నిన్ను నిలబెట్టి అడుగుతాను: ముందు కోతా, ముందు గట్టా?

నీకంటే ఒక మెట్టు పైనుంచి, పొంగిపోతూ,
నీ మల్లీశ్వరి